నేను తగ్గించి చెప్పిన ధర

నెల్లూరు కాలేజీలో నాకు వ్యాపార అర్థశాస్త్రం ఎంత వచ్చిందో అడక్కండి. కొలంబో విజ్ఞాన యాత్రకు మాత్రం మొదట రాసుకున్నది నా పేరే. మా నాన్నకు బట్టల కొట్టుంది, ఖర్చు పెట్టుకోగలడు. క్లాసులో ఆ పాఠం నిజంగా అర్థమైనవాడు నా పక్కన కూర్చునేవాడు. వాడిది తోటపల్లి గూడూరు దారిలో మగ్గాలున్న పల్లె. వాళ్ళ నాన్న నేసిన లుంగీలు మా కొట్టుకొచ్చి, అక్కణ్ణించి మద్రాసు చేరి, ఓడెక్కి సింహళానికి పోయేవి. వాడు యాత్రకు రాలేడని ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ సంగతి ఎత్తలేదు.

బయలుదేరే రోజు వాడు స్టేషన్‌కు వచ్చాడు.

“కొలంబో బజారులో మన లుంగీ ఎంతకు అమ్ముతుండారో కనుక్కోని రారా.”

“నీకెందుకురా ఆ బేరం?”

“చేనేత సంఘంలో చేరమని మా నాయన్ను అడగతుండారు. సంఘమోళ్ళు సరుకు నేరుగా ఓడకే పంపిస్తారంట. మీ నాయనేమో ఏడాది నేతంతా తన కొట్టుకే ఇమ్మంటుండాడు. అక్కడి ధర తెలిస్తే ఏది మేలో నేను లెక్కేసి చెప్తా. నాలుగు డబ్బులు మిగిలితేనే నాకు ఆఖరి సంవత్సరం చదువు. లేదంటే మగ్గం గుంతే.”

ధనుష్కోడిలో స్టీమరెక్కాక మాస్టారు గిరాకీ, సరఫరా గురించి చెబుతుంటే, నేను కడుపులోని సరుకంతా సముద్రానికి ఉచితంగా ఇచ్చేశాను. నేను బేరమాడకుండా ఎవరికైనా ఏదైనా ఇచ్చానంటే అదొక్కటే.

కొలంబోలో మమ్మల్ని తేయాకు వేలం చూడ్డానికి తీసుకెళ్ళారు. ధర ఎలా పుడుతుందో మాస్టారు వివరిస్తుండగా మెల్లగా జారుకుని బజారులో పడ్డాను. ఒక అరవాయన కొట్టులో లుంగీల దొంతర కనిపించింది. అంచు పక్కన ఒకే ఒక్క ఎర్ర పోగు. మా కొట్టులో రోజూ చూసే గుర్తే అది, వాడి నాన్న నేత. ఆయన తొమ్మిది రూపాయలన్నాడు. నేను నవ్వి మెట్లు దిగాను, మళ్ళీ ఎక్కాను, పోగులు పలచగా ఉన్నాయన్నాను, వచ్చీరాని అరవంలో నా బీదరికం చెప్పుకున్నాను. చివరికి కొట్టాయనే నాకు దణ్ణం పెట్టి ఏడుకు దిగాడు. అప్పట్లో అక్కడి రూపాయీ మన రూపాయీ ఇంచుమించు ఒకటే. మా నాన్న ఆ లుంగీకి ఇచ్చేది మూడు.

నా బేరానికి నేనే మురిసిపోతూ నాలుగడుగులు వేశాక గానీ తట్టలేదు. మూడుకూ ఏడుకూ మధ్య ఎందరున్నారో గానీ, అందులో మా ఇల్లు కూడా ఉంది. నా కొలంబో టిక్కెట్టూ ఉంది.

తిరిగొచ్చిన మర్నాడు వాడు నన్ను కాలేజీ మెట్ల మీద పట్టుకున్నాడు.

“ఎంతరా?”

“నాలుగు.”

అలా చెప్పమని నాకెవరూ చెప్పలేదు. ధర అడిగితే మా ఇంట్లో ఎవరి నాలుకకూ నిజం ముందు రాదు.

వాడు కళ్ళు మూసుకుని లెక్కేశాడు. “ఓడ బాడుగ, సుంకం, అక్కడి కొట్టోడి లాభం... ఇంకేం మిగలతాదిరా? మీ నాయన ఇచ్చే మూడే ఎక్కువ. ఆయన ధర్మాత్ముడు.”

లెక్కలో తప్పు లేదు. ఆ వారమే వాళ్ళ నాన్న మా నాన్నకు మాట ఇచ్చాడు.

నెల తర్వాత మాస్టారు యాత్ర నివేదికలు అడిగారు. మార్కులకు ఆశపడి నా బేరమంతా రాశాను, తొమ్మిది ఏడైన వైనంతో సహా. అది ఆయన క్లాసులో పైకి చదువుతారని అనుకోలేదు. చదివారు. పక్కవాడి మోచెయ్యి నా మోచేతికి తగులుతూనే ఉంది. వాడు దాన్ని జరపలేదు.

బయటికొచ్చాక అన్నాడు, “నాకు నాలుగని చెప్పినావు గదరా.”

“నాన్నతో మాట్లాడతా. మీ నాన్న ఇచ్చిన మాట వదిలెయ్యమంటా.”

“మాట్లాడు.”

నేను మాట్లాడలేదు. జాకెట్ ముక్కకు గంటసేపు వాదించే నేను రోజూ సాయంత్రం నాన్న ఎదుట కూర్చుని నోరు తెరవలేకపోయాను. ఆయన కాదంటాడని కాదు నా భయం, సరేనని మా లాభం వదులుకుంటాడేమోనని.

సెలవుల తర్వాత బెంచీ మీద నా పక్కన చోటు ఖాళీ. ఆ రోజుల్లోనే వాళ్ళ నాన్న లుంగీల మూటతో కొట్టుకొచ్చాడు.

“మావోడు మగ్గం గుంతలోకి దిగినాడు అబ్బయ్యా. చెయ్యి బాగానే తిరగతా ఉండాది,” అన్నాడు నాతో నవ్వుతూ. ఏడు రూపాయల సంగతి కొడుకు ఆయనకు చెప్పలేదని అప్పుడర్థమైంది.

నూలు ధర పెరిగింది, పావలా ఎక్కువ ఇమ్మన్నాడు. నాన్న తల అడ్డంగా ఊపాడు.

“సరే అయ్యా. కొలంబో చూసొచ్చిన అబ్బయ్య ఉండాడు గదా, ఆయన్నే చెప్పమనండి. ఆయన ఎంతంటే అంతే.”

ఇద్దరూ నావైపు చూశారు.

“నాన్న చెప్పిందే సరైన ధర,” అన్నాను.

వాడి నాన్న మూట విప్పాడు.