పసుపు ఉడికినంక చెప్పిన మాట

ఆర్మూరు తుకారాం సినిమాల్లోకి వెళ్లింది నటించడానికి కాదు, అన్నం పెట్టడానికి. నమ్మకపోతే మీ ఇష్టం. 1983లో హైదరాబాదు నుంచి ఒక షూటింగు బృందం ఊరి పక్క నల్లరాళ్ల గుట్ట మీదికి వచ్చింది. రెండో రోజు భోజనాల వ్యాను దారిలో చెడిపోయింది. డెబ్బై మంది ఎండలో కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, తమాషా చూడ్డానికి వచ్చిన తుకారాం ఉండబట్టలేక అంకాపూర్‌కు సైకిలు తొక్కాడు. అక్కడ మేనత్త ముత్తవ్వ వాడకట్టు ఆడవాళ్లందరినీ పొయ్యిల ముందు కూర్చోబెట్టింది. రెండు గంటలు దాటేసరికి జొన్నరొట్టెలు, నాటుకోడి కూర ఎడ్లబండి మీద గుట్ట కిందికి చేరాయి. కడుపు నిండిన ప్రొడక్షన్ మేనేజరు చెయ్యి కూడా కడుక్కోకుండా అడిగాడు, నాతో వస్తావా అని.

వెళ్లాడు. తొమ్మిదేళ్లు అదే పని. ఎవరికి కారం పడదో, ఏ హీరో ఎన్నింటికి లేస్తాడో, వాన పడితే ఆ రోజు పని ఎలా సర్దాలో అన్నీ ఒంటబట్టించుకున్నాడు. చివరికి తనే మేనేజరయ్యాడు. ఊళ్లో రెండెకరాల పసుపు మాత్రం భార్య శాంతవ్వ చూసుకునేది. విత్తే రోజులకూ తవ్వే రోజులకూ తుకారాం బస్సెక్కి వచ్చి నడుం వంచేవాడు. రాకపోతే శాంతవ్వ ఊరుకునే మనిషి కాదు లెండి.

1992లో అతనికి ఒక కోరిక పుట్టింది. ఇన్నాళ్లూ ఇతరుల సినిమాలకు వండి పెట్టాను, ఒక్కటైనా నాది కావాలి అని. వెనక పెద్ద కంపెనీ లేదు, పేరున్న హీరో లేడు. పసుపు రైతు కూతురు, ఆమెను ఇష్టపడిన ట్రాక్టరు మెకానిక్, అంతే కథ. వాళ్లు మాట్లాడేది ఆర్మూరు మాట. డైరెక్టరు కొత్త కుర్రాడు.

నవంబరులో తుకారాం చేలోనే కెమెరా పెట్టారు. నడుములోతు పచ్చటి ఆకులో మెకానిక్ నిలబడి, "నన్ను చేసుకుంటవా?" అని అడిగాడు. పిల్ల తల తిప్పి చూసింది. ఆమె జవాబు తీసేలోపే మబ్బు కమ్మి వెలుతురు పోయింది. తెల్లారితే హీరోయిన్‌కు వేరే షూటింగు.

"జవాబు మళ్లీ వచ్చినప్పుడు తీద్దామా, తుకారాం గారూ?" అన్నాడు డైరెక్టరు.

"చేను ఎటు పోతది సార్? మీరెప్పుడొస్తే అప్పుడే," అన్నాడు తుకారాం ధీమాగా.

హీరోయిన్ మళ్లీ దొరికింది ఫిబ్రవరిలో, అదీ రెండే రోజులు. సినిమా పనుల్లో పడి ఆ ఏడు తవ్వే రోజులకు రాలేకపోయిన తుకారాం, అందరినీ వ్యానులో వేసుకుని హైదరాబాదు నుంచి వచ్చాడు. వచ్చి చూస్తే ఆకు కోసేశారు, దుంపలు తవ్వేశారు, చేనంతా ఎర్రమట్టి. గట్టు పక్కన పెద్ద కడాయిలో పసుపు ఉడుకుతోంది.

"చేనేదండీ?" అన్నాడు డైరెక్టరు నీరసంగా.

తుకారాం పుట్టినప్పటి నుంచి పసుపులో పెరిగినవాడు, మాఘంలో ఆకు ఉండదని అతనికి ఒకరు చెప్పాలా? రైతుకు చేనంటే నేల, కెమెరాకు చేనంటే ఆకు. ఆ తేడా అతని బుర్రకు తట్టనే లేదు. మళ్లీ పచ్చటి చేను కావాలంటే వచ్చే దసరా దాకా ఆగాలి. అప్పటికి ఎవరెక్కడ ఉంటారో. సినిమా ఇక్కడే ఆగిపోతుందని అర్థమై గట్టు మీద కూలబడ్డాడు. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

శాంతవ్వ ముందు అందరికీ రొట్టెలు పెట్టింది. తర్వాత డైరెక్టరును అడిగింది, "ఏం సీను సార్ అది?"

అతను చెప్పాడు. ఇందులో చిక్కేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

"గా పిల్ల గప్పుడే జవాబెందుకు చెప్తది? పంట చేన్ల ఉండంగ మా ఇండ్లల్ల పెండ్లి మాట తియ్యరు సార్. ఈయన దసరకు మా ఇంటికొచ్చి అడిగిండు. పసుపు ఉడకనియ్యి, చెప్త అన్న. మాఘంల చెప్పిన."

"నాలుగు నెలలా?"

"నాలుగు నెలలు మా వాకిలి సుట్టే తిరిగిండు. అడుగుర్రి, గాడనే ఉన్నడు కద."

బృందమంతా తుకారాం వైపు తిరిగి నవ్వింది. తుకారాం తల వంచుకున్నాడు గానీ, ప్రాణం లేచొచ్చింది. డైరెక్టరు అప్పటికే కెమెరామన్‌ను కడాయి దగ్గరికి లాక్కుపోతున్నాడు.

మర్నాడు పొద్దున ఆవిరి మధ్య ఆ సీను తీశారు. పిల్ల కడాయిలోని ఒక పసుపు కొమ్మును పుల్లతో గుచ్చి చూసింది. ఉడికింది. అప్పుడు గట్టు అవతల నిలబడ్డ మెకానిక్ వైపు తిరిగి, "చేసుకుంట," అంది.

సినిమా ఆర్మూరులో మూడు వారాలు, నవీపేట్‌లో, ధర్పల్లిలో వారమేసి ఆడింది. మిగతా చోట్ల ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు. తుకారాంకు ఆ బాధ పెద్దగా లేదు. ఆర్మూరు హాల్లో మొదటి ఆట చూస్తూ డైరెక్టరు గోళ్లు కొరుక్కున్నాడు, చేలో అడిగితే పిల్ల అప్పటికప్పుడు జవాబు చెప్పలేదేమని జనం గోల చేస్తారని. వెనక వరసలో ఒక పెద్దాయన పక్కవాడితో, "మరి గప్పుడే చెప్తదా?" అన్నాడంతే. తుకారాంకు ఇంకే బహుమతీ అక్కర్లేకపోయింది.

ఆ ఏడు జూన్‌లో మొగుడూ పెళ్లాలు పసుపు విత్తుతున్నారు. తుకారాం కాసేపు నసిగి, "ఇంకొకటి తీద్దామా శాంతా?" అన్నాడు.

శాంతవ్వ నడుం ఎత్తి, అప్పుడే విత్తిన సాళ్లను ఒకసారి చూసింది.

"పసుపు ఉడకనియ్యి, చెప్త."

తుకారాం మళ్లీ అడగలేదు. లోలోపల నవ్వుకుంటూ తర్వాతి సాలుకు విత్తనం అందించాడు.