టేబుల్ మీద వదిలేసిన పుస్తకాలు

మొన్న ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే, పక్క సీట్లో కూర్చున్న ఒక చిన్న వయసు పంతులమ్మ ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, తమ బడిలో ఏ తరగతి పిల్లలు ఏ పుస్తకాలు చదువుతున్నారో రంగురంగుల గీతల్లో చూసుకుంటోంది. పరాయివాళ్ల తెరలోకి తొంగిచూడటం మర్యాద కాదని తెలుసు, కానీ ఉద్యోగమంతా బడి లైబ్రరీలోనే గడిపిన ప్రాణం ఊరుకోదు కదా. మాకూ ఒక లెక్క ఉండేదని చెప్పబోయేలోపు ఆమె దిగిపోయింది. ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతాను.

నాచారంలో ఫ్యాక్టరీల వెనుక సందులో ఉండేది మా బడి. మందుల కంపెనీల్లో, లేత్ షెడ్లలో పనికోసం జిల్లాల నుంచి వచ్చినవాళ్ల పిల్లలే ఎక్కువ. పదో తరగతి స్పెషల్ క్లాసులకు గది చాలక ఒక ఏడు మా పెద్ద మేడం చూపు నా లైబ్రరీ మీద పడింది. పుస్తకం ఇంటికి తీసుకుపోతేనే మా లెక్కలోకి వచ్చేది, ఆ లెక్క చూస్తే నాకే తల కొట్టేసినట్లుండేది. "చదివెటోళ్లే లేని గదిని ఏం జేసుకుంటం మేడం, పదోతరగతోళ్లకన్నా పనికొస్తది" అన్నదామె. లెక్క ప్రకారం ఆమె మాటలో తప్పు లేదు, అందుకే నాకు ఇంకా మంట.

ఎందుకంటే అన్నం బెల్లు కొట్టగానే ఆ గదిలో కాలు పెట్టే సందు ఉండేది కాదు. ఇంటికెందుకు తీసుకుపోవని ఆరో తరగతి పిల్లనొకదాన్ని అడిగితే, "తమ్ముడు చింపుతడు టీచర్, చింపితే పైసలు కట్టాలె అని అమ్మ తిడ్తది, గందుకే ఈడనే నిలబడి చదువుకుంట" అంది. ఒకే గది ఇళ్లు, అమ్మానాన్నలిద్దరికీ షిఫ్టులు, ఇక పుస్తకానికి చోటెక్కడ.

చదివిన పుస్తకాన్ని అలమరలో పెట్టకండి, టేబుల్ మీదే వదిలేయండి, సాయంత్రం నేను లెక్కపెట్టి సర్దుకుంటాను అని పిల్లలకు చెప్పాను. తీరా చూస్తే ఆ సాయంత్రం టేబుల్ అద్దంలా మెరుస్తోంది. తీసిన వస్తువు తీసినచోట పెట్టాలని ఒకటో తరగతి నుంచీ మేమే నూరిపోశాం, ఇప్పుడు వద్దంటే వాళ్ల చేతులు వింటాయా? అటుగా వెళ్తున్న పెద్ద మేడం ఖాళీ టేబుల్‌ను చూసి, నన్ను చూసి వెళ్లిపోయింది. మంచి అలవాట్ల మీద నాకంత కోపం మళ్లీ ఎప్పుడూ రాలేదు. మర్నాటి నుంచి అలమరకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పిల్లలు ఏదో దొంగతనం చేస్తున్నట్లు మొహాలు పెట్టి, పుస్తకాలు టేబుల్ మీద వదిలి, వెనక్కి చూసుకుంటూ పోయేవారు.

టేబుల్ నిండింది, నా సంబరానికి హద్దు లేదు. కానీ ఏ తరగతివాళ్లు ఏది వదిలారో కొన్నాళ్లు లెక్క రాసేసరికి ఒక సంగతి బయటపడింది. ఏడో తరగతివాళ్లు వదిలేసిన వాటిలో ఎక్కువభాగం రెండో తరగతి బొమ్మల కథలే. తెలుగు సారుకు చెబితే ముందు చిన్నబుచ్చుకున్నారు, తర్వాత తనే ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించి చూశారు. సగం మందికి పెద్ద వాక్యం ఒక కొసనుంచి ఇంకో కొసకు అందడం లేదు. అప్పటినుంచి పాఠానికి ముందు ఆ బొమ్మల కథలే క్లాసులో చదివించడం మొదలుపెట్టారు.

నా లెక్కల కాగితం తీసుకుని పెద్ద మేడం దగ్గరకు వెళ్లాను. అది చూసి, "వీళ్లే గదా రేపు పదికొచ్చేది" అంది. మర్నాడు పొద్దున బడికి వెళ్లేసరికి అటెండరు ఆమె బల్లను మెట్ల కింద మూలకు జరుపుతున్నాడు. లైబ్రరీకి బదులు తన గదినే పదో తరగతికి ఇచ్చేసింది. రిటైరయ్యేవరకు ఆ మూలనే, మెట్లమీద పిల్లల కాళ్ల చప్పుడు కింద కూర్చుని పనిచేసింది.

ఇప్పుడు లెక్కలకు కొదవ లేదు. ఏ పిల్లవాడు ఏ పేజీ దగ్గర ఆగిపోయాడో కూడా యంత్రమే చెబుతుందట, మంచిదే, మాకా సుఖం లేకపోయింది. కానీ ఒక లెక్క చూసి తన కుర్చీ లేపి మెట్ల కింద వేసుకున్న మనిషిని ఆమె తర్వాత నేను చూడలేదు.