కిటికీలు తలుపులైన వీధి

ఎడిసన్‌లో మేమున్న అపార్ట్‌మెంట్లలో బట్టలుతికే గది బేస్‌మెంట్‌లో ఉండేది. అమ్మ హైదరాబాదు నుంచి మా దగ్గర కొన్ని నెలలుండడానికి వచ్చినప్పుడు, ఆవిడకి అమెరికాలో మొదటి స్నేహితురాలు అక్కడే దొరికింది. ఆమెకి డెబ్బై దాటాయి. వోల్గా నది ఒడ్డునున్న ఒక పెద్ద ఊరి నుంచి వచ్చి, మా పై అంతస్తులో కూతురి దగ్గర ఉంటోంది. నేను ఆమెని ఆంటీ అనేదాన్ని. అమ్మకి ఇంగ్లీషు అర్థమవుతుంది గాని మాట్లాడదు. ఆంటీ తప్పులతోనే అయినా ధైర్యంగా మాట్లాడేస్తుంది. డ్రయ్యర్ ఆగాక ఇద్దరూ దుప్పటి చెరో కొసా పట్టుకుని మడతపెట్టేవారు.

"ఆవిడ ఇళ్లు గీసేదటే," అంది అమ్మ ఒక సాయంత్రం, నేను ఆఫీసు నుంచి రాగానే. "గవర్నమెంటు ఉద్యోగమట. పేటలకి పేటలే గీసిందట."

ఆ శనివారం కూరలకని ఓక్‌ట్రీ రోడ్డుకి బయల్దేరుతుంటే, "ఆవిడ్ని కూడా తీసుకెళ్దామే, కార్లో ప్లేస్ ఉందిగా," అంది. తీసుకెళ్లాను.

కారు దిగాక ఆంటీ ఏ కొట్టులోకీ రాలేదు. పేవ్‌మెంట్ మీదే నిలబడి తలెత్తి చూస్తోంది. చీరల కొట్టు, పక్కనే నగల కొట్టు, మిఠాయిలు, పై అంతస్తులో టాక్స్ ఆఫీసు, మెట్ల కింద ఇరుకులో కనుబొమలు దిద్దే పార్లర్. మేము ఎప్పుడూ చూసేవే. నేను సంచులతో తిరిగొచ్చేసరికి ఆమె చీరల కొట్టు గోడని అరచేత్తో తడుముతోంది.

"ఇది కట్టినప్పుడు బ్యాంకు," అంది. "గోడ మందం చూడు. చీరలమ్మడానికి ఎవరూ ఇలా కట్టరు. ఇక్కడ చీరలు ఉండాలని ఎవరు నిర్ణయించారు?"

"ఎవరూ నిర్ణయించలేదు ఆంటీ. ఎవరో రెంట్‌కి తీసుకుని పెట్టారు. బాగా నడిచింది. దాన్ని చూసి పక్కవాళ్లూ వచ్చారు. అంతకుముందు ఈ రోడ్డు మీద సగం షాపులు ఖాళీగా ఉండేవట."

ఆమె గోడ మీంచి చెయ్యి తీసి రోడ్డు ఆ చివరిదాకా చూసింది. తర్వాత, "మా ఊళ్లో కూడా అలాగే జరిగింది. నేను చూశాను," అంది.

దోసెలు తినడానికి కూర్చున్నప్పుడు ఆ కథ చెప్పింది. అమ్మకి అందనిచోటల్లా నేను తెలుగులో చెబుతూ వచ్చాను.

ఆమె పనిచేసింది నగర ప్లానింగ్ ఆఫీసులో. ఎంతమందికి ఒక బడి, ఎంతమందికి ఒక ఆసుపత్రి, ఎంతమందికి ఒక రొట్టెల కొట్టు ఉండాలో లెక్క రాజధాని నుంచి వచ్చేది. ఆ లెక్క ప్రకారం ఆమె ఒక పేట మొత్తం గీసింది. కాంక్రీటు పలకలు ఫ్యాక్టరీలో పోతపోసి, తెచ్చి, ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి కట్టిన పొడవాటి భవనాలు. ఇళ్లున్నచోట ఇళ్లే. వీధి మొత్తానికి ఒకటే రొట్టెల కొట్టు, దాని ముందు ఎప్పుడూ బారులే.

తర్వాత పాత ప్రభుత్వం కూలిపోయి, ఎవరైనా సొంతంగా కొట్టు పెట్టుకోవచ్చనేలా దేశం మారిపోయింది. ఆఫీసులో జీతాలు ఆగిపోయాయి. ఒక ఉదయం ట్రామ్‌లో వెళ్తుంటే తను గీసిన భవనానికి కన్నం కనిపించింది. గ్రౌండ్ ఫ్లోర్ ఇంటివాళ్లు కిటికీ పీకి గడ్డిలో పడేశారు. కిటికీ కింది గోడ పగలగొట్టి చెక్కమెట్లు పెట్టారు. లోపల, ఆ ఇంటి ముందు గదిలో, ఒకామె చెప్పులు అమ్ముతోంది.

"నేను ట్రామ్‌లోనే ఏడ్చాను," అంది ఆంటీ. "నా డ్రాయింగ్ మీద ఎవరో సిరా ఒలకబోసినట్టనిపించింది."

ఏడాది తిరిగేసరికి ఆ వీధంతా కన్నాలే. ఒక మంగలి తెలియక రెండు పలకలు కలిసేచోట కోశాడు. పగులు మూడో అంతస్తుదాకా పాకింది. అతను భయపడి, టోపీ చేత్తో పట్టుకుని ఈమె ఇంటికొచ్చాడు. ముందు తిట్టి పంపించేసింది. కానీ పైన పిల్లలున్న ఇళ్లున్నాయని గుర్తొచ్చి కూర్చోలేకపోయింది. వెళ్లి చూసి, అక్కడ ఇనుప చట్రం ఎలా బిగించాలో గీసిచ్చింది. గోడ నిలబడింది.

"ఇక అందరూ మా వంటింటికే," అంది. "మందుల షాపు పెట్టుకునేవాళ్లు, గడియారాలు బాగుచేసే అతను, పళ్ల డాక్టరు. ఎక్కడ కొయ్యాలి, ఎక్కడ కొయ్యకూడదు అని అడిగేవాళ్లు. ఆ గోడలు గీసింది నేనే కదా. చాలా ఏళ్లు తలుపులు గీశాను. మంగలి నాకు ఊరికే జుట్టు కత్తిరించేవాడు."

అమ్మ దోసె ముక్క చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. తన ఉద్యోగమంతా హైదరాబాదు శివార్లలో ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీ టౌన్‌షిప్ స్కూల్లోనే గడిచింది. నేను పెరిగింది ఆ క్వార్టర్స్‌లోనే.

"మా దగ్గరా అంతేనని చెప్పవే," అంది. "ఫ్యాక్టరీలో పని తగ్గిపోయాక, ఉంటున్న క్వార్టర్ల ముందు గదుల్లో టైలరింగ్, ట్యూషన్లు, టిఫిన్ సెంటర్ పెట్టుకున్నారు. క్వార్టర్లు చూసే ఎస్టేట్ ఆఫీసాయన వచ్చి నోటీసులిచ్చాడు. ఆర్నెల్లకి ఆయనే రోజూ పొద్దున్న వచ్చి అక్కడ ఇడ్లీ తినేవాడు."

ఇది ఇంగ్లీషులో చెప్పగానే ఆంటీ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. అమ్మ చేయి పట్టుకుని బల్ల మీద ఊపింది. ఆ టిఫిన్ సెంటర్‌లో నేనూ ఎన్నోసార్లు తిన్నాను. అది ఒకప్పుడు ఎవరి ముందు గదో, ఎవరు ఎంత బెదురుతూ మొదటి పొయ్యి వెలిగించారో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఇంటికొచ్చాక నాకు ఒకటి తోచింది. ఇంటర్నెట్‌లో ఊళ్ల వీధుల ఫోటోలు చూసే సదుపాయం అప్పటికి ఆ దేశానికీ వచ్చింది. ల్యాప్‌టాప్ తెరిచి వీధి పేరు అడిగాను. ఆమె ఒక్కొక్క అక్షరం చెప్పింది. తెర మీద ముందు బూడిదరంగు మసక, తర్వాత ఆకాశం, ట్రామ్ తీగలు, ఆ పొడవాటి భవనం.

ఆంటీ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక్క కిటికీ కూడా కిటికీగా మిగల్లేదు. వరసగా తలుపులు, ప్రతి తలుపుకీ మెట్లు, మీద రంగురంగుల బోర్డులు. పై అంతస్తుల బాల్కనీలకి ఎవరికి నచ్చినట్టు వాళ్లు అద్దాలు బిగించుకున్నారు. ఆమె వేలితో ఒక్కొక్క తలుపూ చూపిస్తూ పోయింది. "ఇది నాది. ఇది నాది. ఇది నాది కాదు, కానీ బాగా చేశారు. చూడు, పిల్లల బండి ఎక్కించడానికి వాలుగా కట్టారు."

నేను బాణం గుర్తు నొక్కుతూ వీధి వెంట నడిపించాను. ఒకచోట ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపింది. పేవ్‌మెంట్ పొడవునా పెద్ద చెట్లు, వాటి నీడలో బల్లలు, కాఫీ తాగుతున్న మనుషులు.

"ఈ చెట్లు నేను గీశాను," అంది మెల్లగా. "కాయితం మీద. డిపార్ట్‌మెంట్ ఎప్పుడూ నాటలేదు. ఏటా అడిగేదాన్ని, మొక్కల్లేవనేవాళ్లు. నేను వచ్చేసేటప్పుడు ఇక్కడ ఉత్త మట్టి."

"మరి ఎవరు నాటారు?" అంది అమ్మ తెలుగులోనే. ఆంటీకి అర్థమైంది.

"కొట్లవాళ్లు," అంది. "ఇంకెవరు నాటుతారు?"

ముగ్గురం అలా చూస్తూ కూర్చున్నాం. అమ్మ టీ పెట్టడానికి లేవబోయి మళ్లీ కూర్చుంది. ఎవరూ గీయకుండా, ఎవరూ ఆజ్ఞాపించకుండా, తెలియని వందలమంది చేతులు కలిసి ఒక ఊరిని అలా బతికించుకోగలవని నాకు అప్పటిదాకా తెలియదు. ఏదో కొండ అంచున నిలబడి కిందికి చూస్తున్నట్టు అనిపించింది.

అమ్మ తిరిగి వెళ్లే లోపు ఆంటీ మౌస్ పట్టుకోవడం నేర్చేసుకుంది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇద్దరూ ల్యాప్‌టాప్ ముందుండేవారు. తెర మీదే ఒకరోజు వోల్గా ఒడ్డున నడిచేవారు, ఒకరోజు అక్కడి బజారుకెళ్లేవారు. తర్వాతి ఏడాది ఆంటీ కూతురికి చాండ్లర్‌లో ఉద్యోగమొచ్చి వాళ్లు అరిజోనాకి మారిపోయారు. అక్కడ ఖాళీ ఎడారిలో కొత్తగా రోడ్లేస్తున్నారని, అవి చూడటానికి రోజూ పొద్దున్నే నడుస్తున్నానని ఫోన్‌లో చెప్పింది. "ఇంకా ఏమీ లేదు," అంది, "దీపస్తంభాలు మాత్రం వచ్చాయి. ఎవరు వస్తారో చూడాలి."