ఎర్రటోపీ మనిషి మీద నిఘా

వీరభద్రరావు గారికి అందరి మీదా అనుమానమే. కాఫీ కాస్త బాగుంటే చాలు, "ఇవాళ ఏం కొన్నావ్?" అని భార్య ఉమ గారిని నిలదీస్తారు. ఎదురింటి అమెరికన్ గుడ్‌మార్నింగ్ చెబితే తిరిగి చెప్పి, లోపలికొచ్చి తలుపు గడియ మరోసారి చూసుకుంటారు. డెట్రాయిట్ పక్కనున్న మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఎవరైనా భోజనానికి పిలిస్తే ఆయన మొదటి మాట, "నాకెందుకో అనుమానంగా ఉందయ్యా!"

2003లో డెట్రాయిట్ బేస్‌బాల్ జట్టు ఆడిన ఆటల్లో మూడొంతులు ఓడిపోతూ కూర్చుంది. ఊరంతా నవ్వుకుంది. కార్ల కంపెనీలో ఇరవై ఏళ్లుగా క్వాలిటీ చెకింగ్ చేస్తున్న ఈయన మాత్రం నవ్వలేదు.

"ఇంత నిలకడగా పాడవడం ఏ మెషీన్‌కీ దానంతటది చేతకాదు శ్రీధర్! ఎవరో సెట్టింగ్ పెట్టారు. ఆదివారం స్టేడియంకి రా. నాకో సాక్షి కావాలి."

నాకా ధ్యాస ఎక్కడిది? బ్రేకులు డిజైన్ చేసే నా ఉద్యోగం అక్టోబర్‌తో ఆఖరని కంపెనీ చెప్పేసింది. ఈలోగా ఇంకో కంపెనీ నా హెచ్-1బి వీసా తీసుకోకపోతే ఇండియాకి పెట్టె సర్దుకోవాలి. వెళ్లిన రెండు ఇంటర్వ్యూల్లోనూ నోరెండిపోయి, నా పేరు తప్ప ఏమీ చెప్పలేకపోయాను. భయంతో నిద్ర పట్టడం లేదు. అయినా ఆయన వదిలితేగా!

స్టేడియంలో వేల సీట్లు ఖాళీ. అయినా ఎర్రటోపీ పెట్టుకున్న ఒకాయన వచ్చి సరిగ్గా నా పక్కనే కూర్చున్నాడు.

"చూశావా? ఇంత ఖాళీ పెట్టుకుని ఇక్కడే ఎందుకు? జట్టువాళ్ల మనిషి! మాట కలిపి కూపీ లాగు," అన్నారు రావు గారు తెలుగులో.

"మీరే అడగొచ్చుగా అంకుల్?"

"నా మొహం చూస్తే ఎవరికైనా డౌట్ వస్తుంది."

"ఆయన నన్ను ఎదురు అడిగితే?"

"అంతా నిజమే చెప్పు. బ్రేకుల గురించి డీటెయిల్డ్‌గా చెప్పు. అబద్ధమాడితే దొరికిపోతాం."

ఊళ్లో ఆట ఉన్న ఆదివారమల్లా ఇదే తంతు. ఎర్రటోపీ పేరు టామ్. నిఘా పెట్టింది నేనే కదా అన్న ధైర్యంతో నా నోరు ఎండలేదు. వానలో బ్రేకులు ఎందుకు కీచుమంటాయో స్కోరు కాగితం మీద బొమ్మ గీసి మరీ వివరించాను.

ఆ ఏటి ఆఖరి ఆట వచ్చింది. ఇంకొక్కటి ఓడితే ఓటముల్లో పాత చెత్త రికార్డుతో సమానం. ఆ రోజే జట్టు గెలిచింది! జనం కేకల మధ్య టామ్ తన కార్డు నా చేతిలో పెట్టాడు.

"రేపు ఆఫీస్‌కి రా. నీ వీసా పేపర్లు మొదలుపెడదాం."

కార్డు మీద రావు గారి కంపెనీ పేరు, దాని కింద 'బ్రేకుల విభాగం మేనేజర్' అని ఉంది!

టామ్ నవ్వాడు. "పదకొండేళ్లుగా రావ్‌దీ నాదీ పక్కపక్క గదులే. ఇంటర్వ్యూ అంటే నువ్వు బిగుసుకుపోతావట. ఆట చూస్తూ మాట్లాడమని టికెట్లన్నీ తనే కొన్నాడు. అసలు నాకు బేస్‌బాలే పడదు."

నేను గిరుక్కున రావు గారి వైపు తిరిగాను. ఆయన మాత్రం మైదానం వైపే గుర్రుగా చూస్తున్నారు.

"అంకుల్, నేనీ ఉద్యోగానికి పనికొస్తానో లేదోనని మీకెప్పుడూ అనుమానం రాలేదా?"

"నీ మీదా? ఎందుకొస్తుంది?" అన్నారాయన. అని, మొదటిసారి నన్ను ఎగాదిగా చూశారు. "ఎందుకడుగుతున్నావ్? ఏమైనా దాస్తున్నావా?"