నేల మీద నడిచిన జెట్ బోటు

మా ఇంటి పక్క సందులో ఇప్పుడు బట్టలు ఆరేసుకుంటున్నాను. ఇదీ ఒక విశేషమేనా అని మీకు అనిపించవచ్చు. మూడేళ్ళ పాటు ఆ సందులో ఒక జెట్ బోటు ఉండేది. సముద్రం మాట దేవుడెరుగు, పిల్లకాలువ కూడా లేని తిరుపతి వీధిలో, చక్రాల బండి మీద, నీలం టార్పాలిన్ కప్పుకుని. ఆటోవాళ్ళకు మా ఇంటి నంబరు చెప్పే పనే ఉండేది కాదు. "బోటు స్వామోళ్ళ ఇల్లే గదమ్మా, ఎక్కండి" అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

ఆ బోటు స్వామి మా ఆయన. గుడి ఆఫీసులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరైన మనిషి. నొసట నామం పెట్టుకోనిదే కాఫీ కూడా ముట్టరు. ఈత రాదు. అలాంటి మనిషి, దగ్గర్లో ఉన్న జలాశయంలో బోటింగు పెట్టబోతున్నారని, అనుమతి వచ్చినట్టేనని ఎవరో చెబితే నమ్మారు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులో సగానికి పైగా పెట్టి చెన్నైలో సెకండ్ హ్యాండ్ బోటు కొన్నారు. దానికి మామూలు పడవలకు ఉన్నట్టు కింద ఫ్యాను ఉండదు. అడుగు నుంచి నీళ్ళు పీల్చి వెనక్కి చిమ్ముతుంది, ఆ తోపుకే ముందుకు పరిగెడుతుంది. జీపు వెనక కట్టి నగరి మీదుగా ఊరేగింపుగా తెచ్చారు. వచ్చిన రోజే దాని ముక్కు మీద కూడా నామాలు పెట్టించారు. అనుమతి మాత్రం రాలేదు.

నాది ఇంకో బాధ. నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్సు చెప్పినదాన్ని. పెన్షన్ లేదు. ఏళ్ళ తరబడి చెప్పిన పాఠాల్లో తరుగుదల ఒకటి. యంత్రం కొన్న ధర ఇంత, జీవితకాలం ఇన్నేళ్ళు, తుక్కు విలువ ఇంత, ఏటా ఎంత తగ్గించాలి అని బోర్డు మీద వేసిన లెక్కలకు లెక్కలేదు. ఎన్ని వందల మంది పిల్లలకు చెప్పానో, వాళ్ళందరికీ అర్థమైంది. ఇంట్లో ఉన్న ఒక్క మనిషికి అర్థం కాలేదు.

"ఏమండీ, అమ్మేయండి. రోజురోజుకీ ధర దిగిపోతా ఉండాది" అనేదాన్ని.

"నడిపితే గదే అరిగేది? నీడలో చల్లగా ఉండాది. దానికి అరుగుదల యాడిది?" అనేవారు ఆయన.

కదలని వస్తువు పాతబడదని ఆయన నమ్మకం. బంగారం, భూమి తప్ప ఇంకేదీ కొని ఎరగని వంశం. అవి కూర్చున్న చోటే పెరుగుతాయి. ఇది కూర్చున్న చోటే తరిగింది. సీటు రెక్సిన్ చిట్లింది. ఎలుకలు వైర్లు కొరికాయి. నేను ఫోన్లు చేసి కనుక్కున్నాను. బోటుకు ఏళ్ళు కాదు, ఇంజను తిరిగిన గంటలు చూస్తారట. దానికో మీటరు ఉంటుంది. తరవాత ఉప్పునీళ్ళలో తిరిగిందా మంచినీళ్ళలోనా అని అడుగుతారు. ఆ తరవాత ఎన్నాళ్ళుగా ఊరికే పడి ఉందని అడుగుతారు. మూడో ప్రశ్న దగ్గర నా గొంతు తగ్గిపోయేది. కారుకైతే వీధికి ఇద్దరు కొనేవాళ్ళుంటారు. జెట్ బోటు కొనేవాళ్ళు మా జిల్లాలో వెతికినా దొరకరు. కొనేవాడే లేనప్పుడు ధర అనేది అమ్మేవాడి ఊహ మాత్రమే.

చివరికి ఆయనా మెత్తబడ్డారు. ఉన్నంతలో మంచి ధర వస్తే అమ్ముదామన్నారు. ఆ డబ్బు చేతికొస్తేనే మా రాబోయే రోజులకు ధైర్యం. ఇంతలో ఆయుధపూజ వచ్చింది.

మా వీధిలో ఆ రోజు బండి అన్నది ఏదీ పూజ తప్పించుకోదు. కడగాలి, పసుపు కుంకుమ పెట్టాలి, దండ వేయాలి, ఇంజను స్టార్ట్ చేసి హారతి ఇవ్వాలి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాలి. అంతకుముందు రెండేళ్ళూ బోటుకు దండ వేసి ఊరుకున్నారు. ఈసారి అమ్మకానికి పెట్టాము కదా, ఆయనకు ఉత్సాహం వచ్చింది.

"ఇంజను ఉలక్కుండా పలక్కుండా ఉంటే అది ఏం పూజే? కొనేటోడు వచ్చేలోగా దాని గొంతు ఒకసారి వినాల" అన్నారు.

కొత్త బ్యాటరీ తెప్పించి, తాళం తిప్పారు. అది గట్టిగానే పలికింది. వీధి వీధంతా వచ్చి నిలబడింది. పెట్రోలు బండి దగ్గర కర్పూరమేమిటని నేను అరుస్తుంటే, హారతి పళ్ళెం దూరంగానే పట్టుకున్నారు. మంత్రాలు చదివారు, అందరికీ హారతి ఇచ్చారు, ఫోటోలు తీయించుకున్నారు. ఇంజను మోగుతూనే ఉంది. మాడు వాసన వస్తే "ఈసారి సాంబ్రాణి మంచిది తేలేదే నువ్వు" అని నన్నే అన్నారు. నేనూ సాంబ్రాణే అనుకున్నాను. అంతా కలిపి పావుగంట. తరవాత గుగ్గిళ్ళు పంచాము.

రెండు వారాలకు, బోటు చూసి ధర చెప్పమని చెన్నై నుంచి ఒక మెకానిక్‌ను పిలిపించాము. అతను మూత ఎత్తి తల లోపల పెట్టి, చాలాసేపు బయటికి తీయలేదు.

"నీళ్ళు లేకుండా ఎంతసేపు నడిపినారు సార్?"

"పావుగంట. పూజకు" అన్నారు మా ఆయన.

అతను నవ్వలేదు. ఈ ఇంజనును చల్లబరిచేది అది పీల్చే నీళ్ళేనట. నేల మీద నిమిషం దాటి నడిపితే లోపల రబ్బరు కాలుతుందట. కాలిన గొట్టం ఒకటి అప్పుడే మార్చేశాడు. దెబ్బతిన్నది ఇంకొకటి ఉంది. ఇంజను ఇరుసు బోటు గోడ దాటి నీళ్ళలోకి వెళ్ళే చోట, నీళ్ళు లోపలికి రాకుండా ఆపే ఒక సీలు. అది కూడా వేడికి దెబ్బతినే ఉంటుందన్నాడు.

"అది పోతే లోపలికి నీళ్ళొస్తాయి. రేపే పోవచ్చు, రెండేళ్ళు ఉండొచ్చు. కొత్తది తెప్పించాలంటే నెల పైనే. ఖర్చు కూడా జాస్తి" అన్నాడు. వెళ్ళబోతూ గొంతు తగ్గించి, "పైకి కనపడదమ్మా. మీరు చెప్పకుంటే ఎవురికీ తెలీదు" అన్నాడు.

మీటరులో ఆ పావుగంట పావుగంటే. ధరలో మాత్రం అది సగానికి దగ్గర. నా మూడు దశాబ్దాల పాఠాల్లో ఇలాంటి తరుగుదల ఒక్కటీ లేదు.

అతను వీధి మలుపు తిరగకముందే నేను మా ఆయనతో అన్నాను, "ఎవరొచ్చినా మీరు నోరు తెరవకండి. మాట్లాడేది నేను." ఆయన సరేనన్నారు. ఆ రోజు నుంచి ఆయనకు అన్నం సయించలేదు. ఒకసారి మాత్రం "తప్పు గదే" అన్నారు. "తప్పయితే ఆ పొద్దు తాళం తిప్పకుండా ఉండాల్సింది" అని కసిరాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అంత మాట ఎందుకన్నానా అని నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

కొనేవాళ్ళు వచ్చారు. సత్యవేడు అవతలి నుంచి ఒకాయన, వెంట ఇరవై రెండు ఇరవై మూడేళ్ళ కూతురు. పులికాట్ సరస్సు నడుమ దీవిలో వాళ్ళ ఊరు. దీవి నుంచి ఒడ్డుకు జనాన్ని దాటిస్తుంటారట.

"మా సరస్సులో లోతు లేదమ్మా. ఫ్యానుండే పడవలు బురదలో తగులుకుంటాయి. దీనికి ఆ బాధ లేదు" అన్నాడు ఆయన. ముక్కు మీది నామాలకు చెయ్యెత్తి దండం పెట్టాడు. ఇంజను చుట్టూ టార్చి వేసి చూశాడు. కొత్త గొట్టం చూసి "బాగా పెట్టుకున్నారు" అన్నాడు. బేరం నేనే ఆడాను. మేము ఆశించిన దానికన్నా ఎక్కువే కుదిరింది. బోటు ఆ రోజే తీసుకుపోతామన్నాడు. మా ఆయన మెట్ల మీద కూర్చుని నేల చూస్తున్నారు.

ఆ అమ్మాయి ఈలోపల బోటు ఎక్కి స్టీరింగ్ ముందు కూర్చుంది. నడిపేది ఆమేనట. తాగమని మజ్జిగ అందిస్తూ, మాట కోసం అడిగాను, ఇంత తొందరగా ఇవాళే తీసుకుపోవడం ఎందుకని.

"మా వదినకు నెలలు నిండినాయమ్మా. నొప్పులొస్తే పాత పడవలో ఒడ్డు చేరేదానికి రెండు గంటలు. దీంట్లో అయితే అరగంట. ఈ వారమే కావచ్చు అన్నారు" అంది.

ఆమె చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. మజ్జిగ చెంబు నా చేతిలోనే ఉండిపోయింది.

"దిగమ్మా. ఈ బోటులో ఆమెను ఎక్కించొద్దు" అన్నాను.

అంతే, ఇక ఆగలేదు. పూజ, పావుగంట, మాడు వాసన, సీలు, మెకానిక్ చెప్పింది, చెప్పొద్దని నేను చెప్పింది, అంతా కక్కేశాను. మా ఆయన మెట్ల మీద నుంచి లేచి నిలబడ్డారు. కోప్పడతారేమో అనుకున్నాను. "ఆమె తప్పు లేదప్పా. తాళం తిప్పింది నేను" అన్నారు.

దీవి ఆయన గోడ నీడకు పోయి కూర్చున్నాడు. కూతురు దిగొచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏదో తమిళం, తెలుగు కలిపి మాట్లాడుకున్నారు. చివరికి లేచి, కుదిరిన దానిలో సగం కన్నా కాస్త ఎక్కువ చెప్పాడు. సీలు వాళ్ళే మార్పించుకుంటారట. నేను నోరు తెరిచేలోగా మా ఆయన "తీసుకుపోండి" అనేశారు.

బోటు మలుపు తిరిగాక ఇంట్లోకి వచ్చి, ఆయన చద్దన్నం అడిగారు. పెరుగు, ఊరగాయతో మూడుసార్లు వడ్డించుకున్నారు. నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. సగం డబ్బు పోయింది, నాకు ఏడుపు రావాలి. బదులుగా ఎన్నాళ్ళ తరవాతో భుజాలు తేలికై, ఆయన కంచంలో నుంచే ఒక ముద్ద తీసుకుని తిన్నాను.

పది రోజులకు ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"అమ్మా, సీలు ఎంతసేపు నిలుస్తాదో చూద్దామని ఒడ్డునే తాడుతో కట్టి నడిపినాము. ఇరవై నిమిషాలకే పోయింది. కాళ్ళ కింద నీళ్ళు. తోడే లోపల సగం మునిగింది. ఒడ్డున గాబట్టి సరిపోయింది. కొత్తది ఆర్డర్ పెట్టినాము."

"మీ వదిన?"

"పాత పడవలోనే ముందుగా ఒడ్డుకు తెచ్చి చుట్టాలింట్లో పెట్టినామమ్మా. నిన్న కాన్పయింది. ఇద్దరూ బాగుండారు."

ఫోన్ పెట్టేసి, సందులో బట్టలు తీస్తున్న మా ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన చేతిలో పంచె అలాగే పట్టుకుని నిలబడ్డారు.

"ఆడ నీళ్ళు ఎంత లోతంట?" అన్నారు.

"మోకాలి లోతంట."

కాసేపటికి కాఫీ తాగుతూ మళ్ళీ అడిగారు. చెప్పాను. దీపం పెట్టే వేళకు మూడోసారి అడిగారు, ఎవరూ మునగలేదని ఇంకోసారి వినాలన్నట్టు. ఇంకో రోజైతే విసుక్కునేదాన్ని. పక్కన కూర్చుని, మోకాలి లోతేనండి, అని మళ్ళీ చెప్పాను.