ఆరు పూటల మనిషి

మొన్న పట్నంలో, ఆసుపత్రి గదిలో నా తమ్ముడి కొడుకు శేఖర్ ముందు చిన్న గిన్నె పెట్టి మూత తీశారు. ఉడికిన గుడ్డు వాసన గుప్పుమంది. అర గుడ్డు, అంతే. బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నాడు వాడు. కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు తినాలనీ, విటమిన్ మందులు బతికినంతకాలం మానకూడదనీ ఒక నర్సు పిల్ల కాగితం చూసి చదువుతోంది. అందరూ బుద్ధిగా వింటున్నారు. ఆ కాగితంలోని మాటలన్నీ నేను ఇరవై ఏళ్ళ వయసులోనే ఒక మనిషి నోట విన్నాను. విని కూడా ఆయన్ని కాపాడుకోలేకపోయాను.

అరవైల మొదట్లో కల్వకుర్తి దగ్గరి ఒక పల్లె దవాఖానలో నాకు నర్సు ఉద్యోగం వచ్చింది. డాక్టరు వారానికొకసారి జీపులో వచ్చి వెళ్ళేవాడు. మిగతా రోజులు దవాఖాన అంటే కంపౌండర్ లింగయ్య సారే. నలభై దాటిన మనిషి, సన్నగా వాసంలా ఉండేవారు. నేను చేరిన రోజే, పది గంటలకు మందు సీసా పక్కన పెట్టి, సంచిలోంచి రేకు డబ్బా తీసి అర గుడ్డు తిన్నారు. పన్నెండుకు పాలలో నానబెట్టిన జొన్నరొట్టె ముక్క. రెండుకు గుప్పెడు పెరుగన్నం. నాకు మొదటినుంచీ నోరెక్కువ. "సారూ, మీకు దినమంత ఆకలేనా?" అని నవ్వాను. ఆయన కోప్పడలేదు. అంగీ పైకెత్తి చూపించారు. రొమ్ము కింది నుంచి బొడ్డు దాకా కుట్ల మచ్చ.

"కడుపుల పుండు పడ్డదని పట్నంల ముప్పావు కడుపు కోసి తీసేసిండ్రు బిడ్డా. మిగిలింది పిడికెడు. గందుకే ఆరు పూటలు. నెత్తురు పట్టనీకి నెలకొక్క సూది. గిది తప్పితే మనిషి నిలవడని పెద్ద డాక్టర్ చెప్పి పంపిండు."

సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది. అయినా బుద్ధి రాలేదు. మరుసటి నెల ఆలేరు నుంచి మా అమ్మ వచ్చి బెల్లం పరమాన్నం వండితే సారును భోజనానికి పిలిచాను. మా ఇళ్ళలో వచ్చినవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వడ్డించేస్తారు. "నా చేతి ముద్ద వద్దంటవా తమ్మీ?" అంది అమ్మ. ఆయన కాదనలేక రెండు గరిటెలు తిన్నారు. పావుగంటలో ఒళ్ళంతా చెమట, గుండె దడ, కళ్ళు తేలేశారు. మంచం మీద పడుకోబెట్టి నేను ఏడుపు మొదలుపెట్టాను. కాసేపటికి తేరుకుని ఆయనే నన్ను ఓదార్చారు. "ఏం కాదు. తీపి ఆగకుండ పేగులకు ఉరికింది, గంతే. గిది యాది పెట్టుకో. రోగి రాంగనే ఏం నొప్పి అని అడుగుతున్నవు. ముందుగాల ఏం తిన్నవని అడుగు. సగం రోగం ఆడ్నే దొరుకుతది."

నా చదువంతా ఆ మంచం పక్కనే జరిగిందంటే అబద్ధం కాదు. అప్పటినుంచి గర్భిణి వస్తే ముందు నాలుక, కనురెప్పల లోపలి రంగు చూసేదాన్ని. "పొద్దున ఏం తిన్నవు?" అని అడిగేదాన్ని. "తిన్న" అని ఊరుకుంటే, సారు వెనక నుంచి "ఏం తిన్నవో చెప్పమను" అనేవారు.

ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి. బావులు అడుగంటాయి. జొన్నలు కూడా కరువయ్యాయి. ఒకసారి సారు చిన్నకూతురికి జ్వరమని వాళ్ళింటికి వెళ్ళాను. సారు భార్య యాదమ్మ ఆయన ముందు పళ్ళెం పెట్టింది. అందులో గుడ్డు, కాస్త అన్నం. ఆయనకు నలుగురు పిల్లలు. గోడకు ఆనుకుని వరసగా కూర్చున్నారు. ఏమీ అడగలేదు, అల్లరి చెయ్యలేదు. పళ్ళెం వైపు చూస్తున్నారు, అంతే. జ్వరం పిల్ల గుటక వేసిన చప్పుడు నాకు వినిపించింది. "పోండ్రి, బయట ఆడుకోండ్రి!" అని యాదమ్మ కసిరింది. సారు తల ఎత్తకుండా సగం తిని చెయ్యి కడుక్కున్నారు. ఇదంతా నేను కళ్ళారా చూశాను. చూసి, పిల్లకు మాత్ర ఇచ్చి, ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను.

ఆ శనివారం సారు డబ్బా తేలేదు. "ఇయ్యాల ఒక్కపొద్దు బిడ్డా" అన్నారు. ఒక్కపొద్దంటే దేవుడి పేరున రోజుకు ఒకే పూట తినడం. మావైపు అలా అన్నవాళ్ళను ఎందుకని ఎవరూ అడగరు, అడగడం తప్పనుకుంటారు. కొన్నాళ్ళకు సోమవారం కూడా అన్నారు, తర్వాత గురువారం. "మీ కడుపుకు గిది పడదు గద సారూ?" అని ఒక్కసారి అన్నాను. "మొక్కు బిడ్డా. రాత్రి ఇంటికాడ మంచిగనే తింటున్న" అన్నారు. నేను నమ్మాను. నమ్మడమేమిటి, పుణ్యమొస్తుందని ఆయనతోపాటు నేనూ శనివారాలుండటం మొదలుపెట్టాను. ఎంత తెలివితక్కువదాన్ని!

ఏడాది తిరిగేసరికి సారు మొహం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. నాలుక నున్నగా, ఎర్రగా అయింది. ఒక పొద్దున ఒంటికాలి చెప్పుతో దవాఖానకు వచ్చారు. రెండోది దారిలో ఎక్కడో జారిపోయింది, ఆయనకు తెలియనేలేదు. అక్కడి నుంచి దవాఖాన దాకా రాళ్ళ బాటలో వట్టికాలితో నడిచి, అరికాలు చీరుకుని నెత్తురు కారుతుంటే కూడా తెలియలేదు. "ఏం సారూ, పరాకుగున్నరు!" అని పగలబడి నవ్వాను. కాళ్ళకు స్పర్శ పోయిందని నాకు తట్టనేలేదు. రోజూ పదిమంది నాలుకలు చూసేదాన్ని, ఆయన నాలుక చూసి మాత్రం ఏం తిన్నారని అడగలేదు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అది జరిగిన వారానికి మందు కలుపుతూ కుప్పకూలిపోయారు. యాదమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమెను చూడగానే నేను గొంతు పెంచాను. "గిన్ని ఒక్కపొద్దులు ఎందుకుండనిచ్చినవమ్మా? గాయన కడుపు సంగతి నీకు తెల్వదా?"

యాదమ్మ నా మొహం వంక వెర్రిగా చూసింది. "ఒక్కపొద్దులా? ఏం ఒక్కపొద్దులు? దవాఖానల పాలపొడి కలిపిస్తున్నరని, నువ్వు గుడ్డు తెచ్చి పెడుతున్నవని, తన వంతు పిల్లలకు పెట్టుమని చెప్పిండు గద!"

సూదుల పైసలు కూడా ఇంటి గింజలకే పెట్టి, అవి ఎప్పుడో మానేశారని తర్వాత తెలిసింది.

బండిలో మహబూబ్‌నగర్ పెద్దదవాఖానకు తీసుకెళ్తుంటే నేను ఏడుస్తూనే ఆయన్ని తిట్టాను. "నాకు అన్నీ చెప్పినోళ్ళు మీరేం చేసిండ్రు సారూ?" ఆయన కళ్ళు మూసుకునే చెప్పారు. "పిల్లలు చూస్తుంటే ముద్ద దిగది బిడ్డా. ఆరుసార్లు చూస్తరు. వాళ్ళకేమో ఒక్కపూటనాయె."

పది రోజులు కూడా బతకలేదు. ఒంట్లో నెత్తురే లేదన్నారు డాక్టర్లు. ఎక్కించినా నిలవలేదు. ఊళ్ళోవాళ్ళు మాత్రం దైవభక్తుడని, ఒక్కపొద్దులుండి పోయాడని ఏళ్ళతరబడి చెప్పుకున్నారు. నేను ఎవరికీ అడ్డు చెప్పలేదు. యాదమ్మ కూడా చెప్పలేదు.

తర్వాత ముప్పై ఏళ్ళు ఎన్ని ఊళ్ళు తిరిగినా, ఎవరైనా "తిన్న" అంటే ఊరుకున్నదాన్ని కాదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మీది మూతలు తీసి చూసేదాన్ని. గయ్యాళి నర్సమ్మ అన్నారు. అననీ అనుకున్నాను.

ఆ పిల్ల కాగితం చదివి వెళ్ళిపోయింది. వచ్చినవాళ్ళూ లేచారు. నేను కాస్త బయట తిరిగి వచ్చేసరికి శేఖర్ గిన్నె మీద మళ్ళీ మూత ఉంది. పక్కన వాడి నాలుగేళ్ళ కూతురు మంచం కోడుకు ఆనుకుని నిలబడింది.

"తిన్నవారా?"

"తిన్న అత్తా."

మూత తీశాను. అర గుడ్డు అలాగే ఉంది.

"పాప చూస్తుంటే..." అని నసిగాడు. "అదే తింటదని ఉంచిన."

పాపకు ఇంకో గుడ్డు తెప్పించి చేతిలో పెట్టాను. తర్వాత కుర్చీ వాడి మంచానికి దగ్గరగా జరుపుకుని కూర్చున్నాను.

"ఇప్పుడు తిను" అన్నాను. "మెల్లగ నమిలి తిను. నేను ఈడనే కూసుంట."