బొగ్గులో జాగ లేదు

ముందే చెప్తున్నా, నేను ఉన్నదాన్ని రెండింతలు చేసి చెప్పే మనిషిని. ఇందులో సగం తీసేసి చదువుకోండి.

నిజాం రాజ్యం ఆఖరి రోజుల్లో, సిద్దిపేటలో చీరలకు రంగులద్దే మా మేనమామకు ఏనుగు తొండమంత మీసం ఉండేది. ఆయన బావి నీళ్లలో తుప్పు. తుప్పు నీళ్లు తగిలితే ఎరుపు నల్లబడుతుంది. అందుకని చిల్లుకుండ నిండా బొగ్గు పోసి నీళ్లు వడగట్టేవాడు. కిందికి దిగిన మొదటి చుక్కను నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకునేవాడు. తెరిచేలోపు ఊళ్లో రెండు పెళ్లిళ్లు అయిపోయేవి.

ఊరందరి చీరలూ ఎరుపు చేసిన మామ, అత్తమ్మకు ఒక్కటీ అద్దలేదు. ఆ ఎండకాలం ఆమె కోసం తెల్లచీర తెచ్చాడు. అప్పుడే బావి అడుగంటి నీళ్లు ఉప్పగా మారాయి. కొత్త బొగ్గు పోసినా తుప్పు రుచి పోలేదు.

"ఏందయ్యా, బొగ్గు పనిజేస్తలేదా?" అంది అత్తమ్మ.

మామ కుండ పక్కనే చతికిలబడ్డాడు. "బొగ్గుల ఉన్నదే గింత జాగ. ఉప్పొచ్చి కూసున్నది. ఇగ తుప్పు యాడ కూసుంటది?"

అలసటకు ఆయన మీసం నేలను తాకింది. అయినా ఆ నీళ్లతోనే అద్దాడు. చీర ఎంత ఎర్రగా వచ్చిందంటే, బజార్లో ఎద్దులు బెదిరి పరుగెత్తాయి.

మీసాన్నీ ఎద్దుల్నీ మీరే సగం చేసుకోండి. నేను పూర్తిగా కల్పించింది ఆ ఎరుపు ఒక్కటే. చీర వక్కరంగుకు తిరిగింది. మామ దాన్ని ఒళ్లో దాచుకుంటే, అత్తమ్మ గుంజుకుని కట్టుకుంది.

"ఎర్రగనే ఉన్నది," అంది. "నువ్వు అలిసినవు, నీ కండ్లకు అగుపడ్తలేదు."